టైల్ గమ్ కలపడానికి చౌక డ్రిల్: అపోహలు - వాస్తవాలు

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ మిషన్ల షాపుకైనా వెళ్లి "టైల్ గమ్ కలపడానికి తక్కువలో ఒక డ్రిల్ చూపించన్నా" అని అడగండి (టైల్స్ అంటించడానికి నీళ్లలో కలిపే పొడినే మేం గమ్ అంటాం). అవతలి మనిషి మొదట చెప్పేది వాట్లే. "850 వాట్స్ అన్నా, దున్నపోతు లెక్క లాగుతది." నా మొదటి మిషన్ ఆ మాట నమ్మే కొన్నాను. ఒక ఫ్లాట్‌లో హాలు సగం కాకముందే కాలి కూర్చుంది. ఆ తర్వాత టైల్స్ పనిలో చాలా మిషన్లు చేతులు మారాయి. ఇప్పటికీ కొత్త మేస్త్రీలు, సొంతంగా బాత్రూమ్ చేసుకుందామనుకునే ఇంటి ఓనర్లు నన్ను అడిగేవి అవే ప్రశ్నలు.

అపోహ: వాట్లు ఎక్కువుంటే బాగా కలుపుతుంది

వాట్లు చెప్పేది మిషన్ ఎంత కరెంటు తింటుందో. చిక్కటి గమ్ముని తిప్పడానికి కావలసింది మెలితిప్పే బలం. అది గేర్ల వల్ల వస్తుంది. మోటారు అదే అయినా తిరుగుడు తగ్గించే కొద్దీ బలం పెరుగుతుంది. 600 వాట్ల మోటారుని 2,800 నుంచి 600 తిరుగుళ్లకు గేరు వేసి దించితే బలం నాలుగు రెట్లకు పైగా అవుతుంది.

కాబట్టి డబ్బా మీద పెద్దక్షరాలు వదిలేసి, మిషన్‌కి అంటించిన రేకు చదవండి. నో లోడ్ స్పీడ్, అంటే బరువు లేకుండా ఖాళీగా తిరిగే స్పీడు ఎంతో దాని మీద ఉంటుంది. గోడకు కన్నాలు పెట్టే మామూలు 13 ఎం.ఎం. డ్రిల్ నిమిషానికి 2,600 నుంచి 3,000 సార్లు తిరుగుతుంది. గమ్ కలపడానికి 400 నుంచి 600 చాలు. మామూలు డ్రిల్‌తో గమ్ కలపడమంటే ట్రాక్టర్‌ని టాప్ గేరులో దుక్కిలోకి దింపడమే.

స్పీడు వల్ల మాలుకీ నష్టమే. 100 ఎం.ఎం. వెడల్పున్న మిక్సింగ్ రాడ్ 2,800 స్పీడుతో తిరిగితే దాని అంచు గంటకు 50 కిలోమీటర్లు దాటి పోతుంటుంది. సగం గమ్ మీ ప్యాంటు మీదే ఉంటుంది. మిగతా సగంలోకి గాలి ఎక్కి నురగలా ఉబ్బుతుంది. చూడ్డానికి వెన్నలా మెత్తగా, బ్రహ్మాండంగా కనిపిస్తుంది. పళ్ల తాపీతో గోడకు లాగి చూస్తే గీతల మీద చిన్న చిన్న బుడగల గుంటలు. ఆ గుంటలున్న మేర టైల్‌కి పట్టు లేనట్టే.

అపోహ: ట్రిగ్గర్ మెల్లగా నొక్కితే స్పీడు తగ్గుతుంది కదా, ఇంకేం

నా మిషన్‌ని చంపింది ఈ తెలివే. ట్రిగ్గర్‌తో స్పీడు తగ్గిస్తే మోటారుకి అందే కరెంటూ తగ్గుతుంది, గేరు వేసినట్టు బలం పెరగదు. పైగా ఈ మోటార్లను చల్లబరిచే ఫ్యాను ఆర్మేచర్ (మోటారు లోపల రాగి తీగ చుట్టి తిరిగే భాగం) ఇరుసు మీదే ఉంటుంది. మోటారు మెల్లగా తిరిగితే ఫ్యానూ మెల్లగా తిరుగుతుంది. ఒకపక్క బరువు, ఇంకోపక్క గాలి లేదు.

ఆ రోజు 20 కిలోల బస్తా మొత్తం ఒకే బకెట్‌లో పోసి, ట్రిగ్గర్ సగం నొక్కి కలుపుతున్నాను. రెండు నిమిషాలకు మిషన్ మెడ దగ్గర పట్టుకోలేనంత వేడి. "అన్నా, ఏదో మాడుతోంది" అన్నాడు హెల్పర్. వంటింట్లోంచి అనుకున్నా, ఆ ఫ్లాట్‌లో ఇంకా వంటిల్లే లేదు! వైండింగ్ షాపులో విప్పి చూపించారు. రాగి తీగ మీద వార్నిష్ నల్లబడి పొక్కులు పొక్కులుగా లేచిపోయింది. కొత్త ఆర్మేచర్ ఖరీదుకి ఇంకొంచెం వేస్తే కొత్త మిషనే వస్తుందన్నారు.

అలాంటి డ్రిల్లే మీ దగ్గరుంటే పారేయక్కర్లేదు. 5 కిలోలకు మించి కలపకండి. నిమిషం తిప్పాక రాడ్‌ని బయటికి తీసి, ఖాళీగా ఫుల్ స్పీడులో అర నిమిషం తిరగనివ్వండి. ఫ్యాను లోపలి వేడిని బయటికి తోసేస్తుంది.

అపోహ: హ్యామర్ మిషన్ కలపడానికి పనికిరాదు

ఇక్కడ షాపువాళ్లతో నాకు గొడవ. కన్నాలు కొట్టే 26 ఎం.ఎం. హ్యామర్ మిషన్ చాలామంది దగ్గర ముందే ఉంటుంది. సుమారు 800 వాట్లు, వెయ్యికి అటూ ఇటూ స్పీడు, లోపల గట్టి గేర్లు. దెబ్బ ఆపేసి తిప్పుడు మాత్రమే ఉండే గుర్తుకి నాబ్ పెట్టి, దాని చక్‌కి (రాడ్‌ని పట్టుకునే నోటికి) సరిపోయే మొదలున్న రాడ్ వేసుకుంటే 10 కిలోల గమ్ హాయిగా కలుపుతుంది. రాడ్ మొదట్లో కాస్త ఊగుతుంది, అది మామూలే. ఒకటి రెండు బాత్రూమ్‌ల కోసమైతే కొత్త డ్రిల్ కొనకుండా ఇది వాడుకోమనే చెప్తాను. నాబ్ మాత్రం చూసుకోండి. దెబ్బ మీద ఉంచి కలిపితే బకెట్ అడుగు పగులుతుంది, మిషనూ పోతుంది.

రోజూ పనికెళ్లేవాళ్లకు మాత్రం రెండు చేతులతో పట్టుకునే చౌక మిక్సర్ మిషనే నయం. పేరు లేని కంపెనీదైనా సరే. దాని గేరుబాక్స్ కట్టిందే 500, 700 స్పీడు కోసం. ఇక డ్రిల్లే కావాలంటే రెండు గేర్లున్నది వెతికి, మొదటి గేరులో వాడండి. బ్యాటరీ డ్రిల్ గ్రౌట్ (టైల్స్ సందుల్లో నింపేది) కలపడానికి బాగుంటుంది, గమ్‌కి వద్దు.

అపోహ: రాడ్ ఏదైతే ఏం, తిరగడమే కదా

మజ్జిగ కవ్వంతో ముద్దపప్పు మెదుపుతారా? రాడ్‌ రెక్కల మెలిక చూడండి. అడుగున ఉన్నదాన్ని పైకి లాగే మెలిక గమ్‌కి, చిక్కటి మాలుకి. పైనుంచి కిందికి తోసేది పెయింటుకి, పలచటి వాటికి. పెయింటు రాడ్‌తో గమ్ కలిపితే అడుగున పొడి పొడిగానే మిగులుతుంది. రాడ్ వెడల్పు సంగతికొస్తే, డ్రిల్‌కైతే 80 నుంచి 100 ఎం.ఎం. చాలు. 120, 140వి మిక్సర్ మిషన్లకు.

గుండ్రటి మొదలున్న రాడ్ చక్‌లో జారుతుంది. ఆరు పలకలది తీసుకోండి. చక్ కీతో ఒక్క రంధ్రంలోనే బిగించి వదిలేయకుండా మూడు రంధ్రాల్లోనూ బిగించండి. చౌక డ్రిల్‌లో రాడ్ ఊడిపోతోందని చెప్పేవాళ్లలో చాలామంది ఈ ఒక్కటీ చేయనివాళ్లే.

అపోహ: మిషన్‌కి బరువైతే ఇంకాస్త నీళ్లు పోస్తే సరి

పోయొద్దు. గమ్ బలం నీళ్ల కొలతలో ఉంది. 20 కిలోల బస్తాకి సుమారు 5 లీటర్లు పడతాయి, ఆ బస్తా మీద రాసిందే లెక్క. ముందు బకెట్‌లో నీళ్లు పోసి, పొడి కొంచెం కొంచెంగా వేస్తూ తిప్పండి. పొడి మీద నీళ్లు పోస్తే అడుగున గట్టిపడి, దాన్ని తవ్వలేక డ్రిల్ మూలుగుతుంది. కలిపాక 5, 10 నిమిషాలు వదిలేసి మళ్లీ ఒకసారి తిప్పితే గట్టిగా అనిపించినదే మెత్తబడుతుంది. మిషన్‌కీ ఆ కాస్త విశ్రాంతి. గంట తర్వాత బిగిసిపోతోందని నీళ్లు పోసి తిప్పడం మాత్రం మన సైట్లలో అందరూ చేసే తప్పు, నేనూ చేశాను. అలా పెట్టిన టైల్‌ని వేలితో తట్టి చూడండి, డొల్ల చప్పుడొస్తుంది.

అపోహ: గమ్ కలిపేదే ప్లాస్టర్‌కీ సరిపోతుంది

ఏ ప్లాస్టర్? ఇసుక, సిమెంటు మాలైతే చౌక డ్రిల్ ముట్టుకోకండి. పారతో కలపండి, లేదా మిక్సర్ తెప్పించండి. జిప్సమ్ ప్లాస్టర్‌కైతే అదే మిషన్ చాలు, గమ్ కంటే తేలిగ్గానే కలుస్తుంది. ఇబ్బంది శుభ్రతతోనే. రాడ్‌కి, బకెట్‌కి పాత జిప్సమ్ గట్టిపడి అంటుకుని ఉంటే కొత్తది తోడు వేసిన పాలలా ముందే బిగుస్తుంది. 20 నిమిషాలు చేతికి ఉండాల్సిన మాలు పదికే రాయి అయి, కూలి డబ్బులు బకెట్‌లో పోసినట్టవుతుంది. ప్రతి బస్తాకీ రాడ్‌ని నీళ్ల బకెట్‌లో తిప్పి కడగండి.

చిన్నవి ఇంకో రెండు. కార్బన్ల (తిరిగే మోటారుకి ఆనుకుని కరెంటు అందించే ముక్కలు) దగ్గర సన్నటి నిప్పురవ్వలు కనిపిస్తే మిషన్ పాడైపోయిందని కంగారుపడతారు, కొత్త కార్బన్లు కూర్చునేదాకా అవి మామూలే. పెద్ద మంటలా చుట్టూ తిరిగితేనే షాపుకి తీసుకెళ్లండి. రెండోది, అయిదో అంతస్తుకి కింది నుంచి సన్నటి వైరు లాగి మిషన్‌ని తిట్టొద్దు. వైరులోనే వోల్టేజి పడిపోతుంది.

కొనేటప్పుడు పక్క హ్యాండిల్ ఉందో లేదో చూడండి. రాడ్ గడ్డలో ఇరుక్కుంటే మణికట్టు తిరిగేది మీదే. అందుకే ట్రిగ్గర్ లాక్ బటన్ నొక్కి కలపొద్దని మా కుర్రాళ్లకు రోజూ చెప్తాను. స్పేర్ కార్బన్లు అదే షాపులో దొరుకుతాయా అని అడిగి, దొరికితే అప్పుడే ఒక జత జేబులో వేసుకోండి.