పగడపు దిబ్బల దగ్గర చేపలు పట్టొచ్చా?

పిల్లలూ,

పగడపు దిబ్బలు అంత ముఖ్యమైతే అక్కడ చేపల వేట మొత్తం ఆపేయొచ్చు కదా తాతయ్యా అని అడిగారు, ఫోన్లో చెప్తే సగమే అవుతుందని రాస్తున్నా.

పగడపు దిబ్బలంటే సముద్రంలో పగడం అనే చిన్న జీవులు కట్టుకున్న సున్నపురాయి గుట్టలు. ముందు అక్కడుండే పారట్‌ఫిష్ అనే చేప సంగతి చూడండి. దాని పళ్ళన్నీ కలిసిపోయి చిలక ముక్కులా ఉంటాయి, దాంతో రాయి మీద పట్టిన నాచుని గీకి గీకి తింటుంది, నీళ్ళలో దగ్గరకెళ్తే కరకరమని సౌండ్ కూడా వినిపిస్తుంది, నాచుతో పాటు నోట్లోకొచ్చిన సున్నపురాయిని లోపలే పిండి చేసి ఇసుకగా వదిలేస్తుంది. ఈ పని ఎవరూ చేయకపోతే నాచు కమ్మేసి పగడం పిల్లలకి అతుక్కోడానికి చోటే ఉండదు. అమెరికా దగ్గర కరేబియన్ సముద్రంలో అదే అయింది, నాచు తినే చేపల్ని చాలా చోట్ల అప్పటికే పట్టేశారు, 1983లో జబ్బొచ్చి నాచు తినే నల్ల సీ అర్చిన్లు (ఒళ్ళంతా ముళ్ళుండే చిన్న సముద్ర జీవులు) కూడా దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అక్కడి బెలీజ్ దేశం 2009లో పారట్‌ఫిష్ వేటని బ్యాన్ చేసింది, మంచి పని చేసింది.

కానీ అదే చేప ఇంకోచోట జాలరి ఇంట్లో కూర, డైవింగ్‌కి వచ్చినవాళ్ళు డబ్బు కట్టి చూసేదీ దాన్నే. వీళ్ళలో ఎవరిదీ తప్పు కాదమ్మా. వేట మానేయండి అనడం తేలికే, మరి ఆ పూట ఆ ఇంట్లో ఏం తింటారు అని అడిగేవాళ్ళే తక్కువ, నాకు బాధ అక్కడే.

ఫిలిప్పీన్స్‌లో అపో అని చిన్న దీవి ఉంది. అక్కడ 1982లో దిబ్బలో ఒక చిన్న ముక్కలో మాత్రం వేట ఆపేశారు, మిగతాదంతా జాలర్లకే వదిలేశారు, కాపలా కూడా ఊరివాళ్ళే కాశారు. ఏళ్ళు గడిచేకొద్దీ లోపల చేపలు పెరిగి పెద్దవై హద్దు దాటి బయటికి రావడం మొదలైంది, హద్దు పక్కన గాలం వేసినవాళ్ళకి బాగా పడేవి. తర్వాత టూరిస్టులూ వచ్చారు, వాళ్ళ దగ్గర ఫీజు తీసుకున్నారు. ఒప్పించి చేశారు కాబట్టే నిలబడింది అంటాను నేను.

ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ అనే పెద్ద పగడపు దిబ్బల వరసలో ఇదే పని చాలా పెద్దగా చేశారు, వేట లేని భాగం అంతకుముందు 5 శాతం కూడా లేదు, 2004లో 33 శాతం చేశారు, నష్టపోయినవాళ్ళకి గవర్నమెంట్ డబ్బిచ్చింది. అయినా నీళ్ళు వేడెక్కితే ఏ హద్దూ ఆపలేదు, 2016లో వేట లేని చోట కూడా పగడాలు వేడికి దెబ్బతిని తెల్లబడిపోయాయి.

కాబట్టి నా జవాబు, మొత్తం ఆపొద్దు. పారట్‌ఫిష్ లాంటి నాచు తినే చేపల్ని మాత్రం వదిలేయాలి, కొంత చోటు పూర్తిగా మూసేయాలి, ఏ చోటు అనేది అక్కడి జాలర్లతో కూర్చుని తేల్చాలి, వాళ్ళకి పోయే ఆదాయానికి దారి చూపించాకే మూయాలి.

ప్రేమతో,
తాతయ్య