మిద్దె మీది గదికి తగ్గ స్పీకర్లు

కడప

అబ్బీ, అమ్మీ,

మిద్దె మీది గదికి ఏ స్పీకర్లు కొనాలని అడిగారు కదా, మీరు పంపిన చెక్కభజన పాట విన్నాను. గొంతులు చక్కగా కలిశాయి. డప్పు మాత్రం డొల్లగా ఉంది, చెక్కల గలగల మసకబారింది. గొంతులు, వాయిద్యాలు సరిపాళ్ళలో కలిపే పని, అంటే మిక్స్, హోమ్ థియేటర్ మీద చేశామన్నారు, కారణం అదే. వినేవాళ్ళకు ఇంపుగా ఉండాలని అలాంటి వాటిలో బేస్ (లోతైన శబ్దం), ట్రెబుల్ (సన్నని శబ్దం) పెంచే ఉంచుతారు. అక్కడ డప్పు ఎక్కువైందనిపించి మీరు తగ్గించారు. ఇంకోచోట వింటే అసలు డప్పే లేదు. బట్టలకొట్టు లైట్ల కింద చీర రంగు ఎంచడంలాంటిది ఇది. మిక్సింగ్‌కు వాడే స్పీకర్లను మానిటర్లు అంటారు. పాటలో ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడమే వాటి పని. అందుకే మొదట వింటే చప్పగా అనిపిస్తాయి, దిగులుపడొద్దు.

1978లో యమహా ఎన్‌ఎస్-10 అనే స్పీకర్‌ను ఇళ్ళలో వినడానికని తెచ్చింది. అందులో బేస్ తక్కువ, గొంతు ఉండే మధ్య స్వరాలు ముందుకొచ్చి పడతాయి. లోపాలు దాచదు కాబట్టి ప్రపంచమంతా స్టూడియోల్లో దాన్ని పెట్టుకున్నారు. మంచి మిక్స్‌కు గది దద్దరిల్లే బేస్ అవసరం లేదని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇప్పుడు మీ సంగతి. డబ్బు బాగా తక్కువైతే ప్రీసోనస్ ఎరిస్ 3.5 లాంటి చిన్న జత చాలు. అది సుమారు 80 హెర్ట్జ్ వరకే దిగుతుంది (ఈ అంకె ఎంత తగ్గితే శబ్దం అంత లోతు), అంతకన్నా కిందిది హెడ్‌ఫోన్లలో చూసుకోవాలి. ఇంకాస్త పెట్టగలిగితే బేస్ పలికించే ఐదంగుళాల పెద్ద కోన్, అంటే ఊఫర్, ఉన్న యమహా హెచ్‌ఎస్5 గానీ జేబీఎల్ 305పీ గానీ చూడండి. హెచ్‌ఎస్5 సుమారు 54, జేబీఎల్ 43 హెర్ట్జ్ దాకా దిగుతాయని కంపెనీలు చెబుతాయి. ఆ అంచు దగ్గర శబ్దం బాగా సన్నబడే ఉంటుంది. ఈ సైజువి చాలాచోట్ల విడివిడిగా అమ్ముతారు, చెప్పిన ధర ఒకదానికా జతకా అని ముందే అడగండి. వాట్ల గురించి టెన్షన్ వద్దు. మూడడుగుల దూరంలో కూర్చునేవాళ్ళకు ఏవైనా సరిపోతాయి. ఎనిమిదంగుళాలవి మాత్రం మీ గదికి వద్దే వద్దు.

ఎందుకంటే అసలు చిక్కంతా గదిదే. కింద కడప బండలు, పైన కాంక్రీటు, చుట్టూ సున్నం గోడలు. చప్పట్లు కొట్టి చూడండి, ఖంగుమని తిరిగొస్తుంది. పదడుగుల దూరంలో రెండు గోడలు ఎదురెదురుగా ఉంటే సుమారు 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం వాటి మధ్య నిలిచిపోతుంది. గోడ పక్కన నిలబడితే ఆ బేస్ బూమ్మంటుంది, సరిగ్గా గది నడుమ కూర్చుంటే మాయమవుతుంది. ఎంత ఖరీదైన స్పీకరైనా దీన్ని మార్చలేదు. అందుకని నడిమధ్యన కూర్చోకండి, స్పీకర్లను మూలల్లో పెట్టకండి. గోడకు ఒకటి రెండడుగులు ముందుకు జరపండి, మీ తలా రెండు స్పీకర్లూ మూడు వైపులా సమానమైన త్రిభుజంలా ఉండాలి, సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్ (ట్వీటర్) చెవి ఎత్తులో రావాలి. నేల మీద జంపఖానా పరిచి, స్పీకర్లకు మీకు మధ్య పక్కగోడల మీద అవ్వ కుట్టిన మందపాటి బొంతలు వేలాడదీయండి. ఇవి గణగణను తగ్గిస్తాయి, బేస్‌ను మాత్రం పట్టవు. దాన్ని పట్టాలంటే మూలల్లో రాక్‌వూల్ (రాతితో చేసిన దూదిలాంటి పీచు) దట్టంగా నింపిన చట్రాలు కావాలి. అవి మీరే చేసుకోవచ్చు. చేతికి గ్లౌజులు, మూతికి మాస్కు తప్పనిసరి.

కంప్యూటర్‌కు తగిలించే సౌండ్ పెట్టె (ఇంటర్‌ఫేస్) నుంచి స్పీకర్‌కు, బయటి గరగర చొరబడకుండా ఆపే బ్యాలెన్స్‌డ్ కేబుల్ వాడండి, మూడు పిన్నుల ప్లగ్‌కు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. స్పీకర్లను అన్నిటికంటే చివర ఆన్ చేసి, అన్నిటికంటే ముందు ఆఫ్ చేయాలి. కరెంటు పోయిందంటే వెంటనే వాటి స్విచ్ ఆపండి.

కొన్న వారం పాటు ఏమీ మిక్స్ చేయొద్దు. మీకు బాగా తెలిసిన పాటలే, పక్కనున్న మనిషితో మాట్లాడగలిగేంత సౌండులో వినండి. గట్టిగా పెడితే బేస్ ఉన్నదానికంటే ఎక్కువగా అనిపిస్తుంది. ఆ తర్వాత చెక్కభజన మళ్ళీ మొదటినుంచి మిక్స్ చేసి, ఫోన్లో, ఆటోలో విని, నాకు పంపండి. ఈలోగా గది పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి రాయండి. బల్ల ఏ గోడకు వేయాలో అప్పుడు చెబుతాను.

మీ పెద్దనాయన