బిల్డ్ మెషిన్ల ఆటోమేషన్: అపోహలు - వాస్తవాలు

సీఐ (కోడ్ మారిన ప్రతిసారీ దాన్ని తానుగా బిల్డ్ చేసి పరీక్షించే ఏర్పాటు) కోసం బిల్డ్ మెషిన్లను, అంటే కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మలిచే కంప్యూటర్లను, సిద్ధం చేసే పనిలో పదే పదే వినే మాటలివి. అన్నీ పచ్చి అబద్ధాలు కావు. అసలు చిక్కు సగం నిజాలతోనే.

అపోహ: మెషిన్‌ను సిద్ధం చేసే స్క్రిప్ట్ రాసి, కోడ్ మార్పులను భద్రపరిచే గిట్‌లో పెట్టాం కాబట్టి ఆటోమేషన్ పూర్తయినట్టే.

వాస్తవం: ఆ స్క్రిప్ట్ ఖాళీ మెషిన్ మీద చివరిసారి ఎప్పుడు నడిచిందో ముందు చెప్పండి. సెంటాస్ 7 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మద్దతు 2024 జూన్ 30తో ముగిసింది. ఆ వెంటనే ప్యాకేజీలను ఏ సర్వర్ల (మిర్రర్ల) నుంచి తెచ్చుకోవాలో జాబితా ఇచ్చే చిరునామా కూడా పనిచేయడం మానేసింది. అప్పటికే నడుస్తున్న మెషిన్లు తమ పని తాము చేసుకుపోయాయి. కొత్తగా పెట్టబోయినవి మాత్రం ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే మొదటి యమ్ ఆదేశం దగ్గరే ఆగిపోయాయి. స్క్రిప్ట్‌లో ఒక్క అక్షరం మారకపోయినా అది పనికిరాకుండా పోయింది. అందుకే మెషిన్‌ను మొదటి నుంచి కట్టే పనిని కూడా ఒక సీఐ జాబ్‌గా పెట్టి, వారానికోసారైనా నడపాలి. కట్టిన మెషిన్ మీద ఒక నిజమైన బిల్డ్ కూడా చేయించాలి. ‘ఇన్‌స్టాల్ అయింది’ అన్న సందేశాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

అపోహ: మెషిన్లను సిద్ధం చేసే ఆన్సిబుల్ సాధనం వాడితే మెషిన్లన్నీ ఒకేలా ఉంటాయి.

వాస్తవం: ప్లేబుక్‌లో, అంటే ఆన్సిబుల్‌కు ఇచ్చే సూచనల ఫైల్‌లో, రాసినంత వరకే. అందులోంచి ఒక ప్యాకేజీ పేరు చెరిపేసినంత మాత్రాన అది పాత మెషిన్ల నుంచి పోదు. తీసేయమని ‘ఆబ్సెంట్’ స్థితితో విడిగా రాయాలి. ఇక ‘ప్రెజెంట్’ అని రాస్తే ఏదో ఒక వెర్షన్ ఉంటే చాలని అర్థం. దాంతో జనవరిలో కట్టిన మెషిన్‌లో ఒక కంపైలర్, ఆగస్టులో కట్టినదానిలో మరొకటి ఉండిపోవచ్చు. షెల్ మాడ్యూల్‌తో రాసిన ఆదేశాలకు షరతు పెట్టకపోతే నడిపిన ప్రతిసారీ అమలవుతాయి. ఇలాంటి తేడాల వల్ల ఒకే టెస్టు ఒక మెషిన్ మీద పాసై, ఇంకోదాని మీద ఫెయిలవుతుంది. పాపం, నింద టెస్టు మీద పడుతుంది. ‘ఫ్లేకీ’ (నిలకడ లేనిది) అని ముద్ర వేసి, సరైన మెషిన్ దొరికేదాకా మళ్లీ మళ్లీ నడిపిస్తారు. ఫెయిలైన టెస్టుల జాబితా పక్కన మెషిన్ పేరు, ఇమేజ్ (మెషిన్‌ను కట్టడానికి వాడిన మూస) వెర్షన్ వేసి చూడండి. చాలాసార్లు గుట్టు అక్కడే బయటపడుతుంది.

అపోహ: డాకర్ ఉంది కదా, మెషిన్‌తో పనేమిటి?

వాస్తవం: డాకర్ ఒక ప్రోగ్రామ్‌ను దానికి కావలసిన ఫైళ్లతో ఇమేజ్‌గా కట్టి, కంటైనర్‌గా విడిగా నడుపుతుంది. కానీ కంటైనర్ సొంత కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ) తెచ్చుకోదు, హోస్ట్, అంటే తనను నడిపే మెషిన్, కెర్నల్‌నే వాడుకుంటుంది. ‘లేటెస్ట్’ ట్యాగ్ ఈరోజు చూపిన ఇమేజ్‌నే రేపూ చూపుతుందన్న హామీ లేదు. స్థిరంగా ఉండాలంటే ట్యాగ్ బదులు డైజెస్ట్ (ఇమేజ్‌లోని సరుకును బట్టి లెక్కించిన గుర్తు) రాయాలి. ఇమేజ్‌ల పాత లేయర్లు (ఒకదానిపై ఒకటి పేర్చే పొరలు) పేరుకుపోయి డిస్క్ నిండితే తుడవాల్సిందీ హోస్ట్ మీదే. లాగిన్ లేని డౌన్‌లోడ్‌లకు, ఇమేజ్‌లు దొరికే డాకర్ హబ్ 2020 నవంబరు నుంచి ఐపీ చిరునామాను బట్టి పరిమితి పెట్టింది. ఒకే ఐపీ వెనకున్న మెషిన్లన్నీ ఆ కోటానే పంచుకుంటాయి. ఇక ఐఓఎస్ బిల్డ్‌ల మాటకొస్తే, వాటికి మ్యాక్‌ఓఎస్ కావాలి, దాన్ని వర్చువల్ మెషిన్‌గా (ఒక కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌లా) నడపాలన్నా లైసెన్సు ప్రకారం యాపిల్ హార్డ్‌వేర్ ఉండాల్సిందే.

అపోహ: ప్రతి బిల్డ్‌కూ కొత్త మెషిన్ అంటే ఆలస్యం తప్పదు.

వాస్తవం: అన్నీ అప్పటికప్పుడు ఇన్‌స్టాల్ చేస్తే నిజమే. మెషిన్ ఇమేజ్‌లు తయారుచేసే ప్యాకర్ లాంటి సాధనంతో కంపైలర్లు, ఎస్‌డీకేలు (అభివృద్ధికి కావలసిన సాధనాల కట్టలు) ముందే ఇమేజ్‌లో పెట్టి, డిపెండెన్సీల (ప్రోగ్రామ్ ఆధారపడే లైబ్రరీల) కాష్‌ను, వాటి వెర్షన్లు రాసి ఉండే లాక్‌ఫైల్ హాష్ పేరుతో విడిగా దాస్తే చాలా సమయం కలిసొస్తుంది. దీనికి భద్రత కోణం కూడా ఉంది. పబ్లిక్ రిపాజిటరీలకు సొంత రన్నర్లు (సీఐ జాబ్‌లు నడిపే సొంత మెషిన్లు) వాడవద్దని గిట్‌హబ్ తన పత్రాల్లోనే హెచ్చరిస్తుంది. ఎవరో పంపిన పుల్ రిక్వెస్ట్‌లోని (కోడ్ మార్పును చేర్చమని చేసే అభ్యర్థనలోని) కోడ్ మీ మెషిన్ మీద నడిచి, బిల్డ్ ముగిశాక కూడా అక్కడే తిష్ఠ వేయవచ్చు.

అపోహ: ఇమేజ్‌లో పెట్టిన పాస్‌వర్డ్‌ను తర్వాత తీసేస్తే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. కింది లేయర్‌లో అది అలాగే ఉంటుంది. వెంటనే ఆ పాస్‌వర్డ్ మార్చండి.

అపోహ: ఒక్క మెషిన్ ఉన్న చిన్న బృందానికి ఇదంతా దండగ.

వాస్తవం: ఆ ఒక్క డిస్క్ పాడైన రోజున విడుదలలన్నీ ఆగిపోతాయి. ఆన్సిబుల్, ప్యాకర్ వద్దనుకుంటే మానేయండి, ఒక్క షెల్ స్క్రిప్ట్ చాలు. దాన్ని రాసినవారు కాకుండా బృందంలో ఇంకొకరు ఖాళీ వర్చువల్ మెషిన్ మీద నడిపి చూడాలి. టైమ్‌జోన్, లొకేల్ (భాష, ప్రాంత అమరిక), పాత్‌లో (ప్రోగ్రామ్‌ల కోసం మెషిన్ వెతికే ఫోల్డర్ల జాబితాలో) చేతితో చేర్చిన ఫోల్డర్లు వంటివి అప్పుడే దొరుకుతాయి.