సహాయక ఉపకరణాలు: పంపిణీ ముందు, అసెస్‌మెంట్ వెనుక

వికలాంగుల శిబిరంలో ఇచ్చిన వీల్‌చైర్ కొన్నాళ్లకే వసారాలో మూలన పడటానికి కారణం చాలాసార్లు దాని నాణ్యత కాదు, అది ఆ మనిషికీ ఆ ఇంటికీ సరిపడుతుందో లేదో ముందుగా చూసే పని, అంటే అసెస్‌మెంట్, ఎవరూ చేయకపోవడం. ఈ లోపానికి పాత చరిత్రే ఉంది.

సరిపడే ఉపకరణాన్ని ఎంచే విద్య మన దేశానికి ముందే వచ్చింది. 1950లో కమలా నింబ్కర్ బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో తొలి ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా తోడ్పడే చికిత్స) పాఠశాలను నెలకొల్పారు; 1952లో ఈ థెరపిస్టుల అఖిల భారత సంఘం ఏర్పడింది. కాన్పూరులో ఉపకరణాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలింకో 1972లో, వాటిని అందించే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం 1981లో వచ్చాయి. అయితే థెరపిస్టులు ఎక్కువగా నగరాల ఆసుపత్రులకే పరిమితం కాగా, ఉపకరణాలు మాత్రం శిబిరాల ద్వారా పల్లెలకు చేరాయి. పంపిణీకి ముందు గుర్తింపు శిబిరం జరుగుతుంది గానీ, వచ్చినవారందరినీ ఒక్కరోజులో చూడాల్సిన చోట కొలతలు దాటి ఇంటి సంగతులు అడిగే వ్యవధి దొరకదు.

అసలు పని అక్కడే ఉంది. తుంటి వెడల్పు, తొడ పొడవు కొలవడంతో పాటు, కూర్చున్నప్పుడు నడుము ఏ పక్కకు ఒరుగుతోందో, స్పర్శ లేనిచోట పుండ్లు పడే ప్రమాదముందో థెరపిస్టు చూడాలి. గడప ఎత్తు, మరుగుదొడ్డి తలుపు వెడల్పు, నేల మీద కూర్చుని తినే అలవాటు, మంచం మీంచి కుర్చీలోకి మార్చే మనిషి ఎవరన్నదీ తెలుసుకోవాలి. 1991లో కెనడాలో వెలువడిన సి.ఓ.పి.ఎం. (కెనడియన్ ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్) పద్ధతి మరో అడుగు వేసి, తనకు ముఖ్యమైన పనులేవో రోగినే చెప్పమని, వాటిని ఎంత బాగా చేయగలుగుతున్నదీ, ఎంత తృప్తిగా ఉన్నదీ 1 నుంచి 10 వరకు అంకెల్లో చెప్పమని అడుగుతుంది. ఈ ప్రశ్న ఎంత అవసరమో 1993లో అమెరికాలో 227 మందిపై వెలువడిన అధ్యయనం చూపింది: దాదాపు 29 శాతం ఉపకరణాలను పూర్తిగా వదిలేశారు, ఎంపికలో వాడేవారి అభిప్రాయాన్ని పట్టించుకోకపోవడం అందుకు ఒక ప్రధాన కారణం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008 నాటి వీల్‌చైర్ మార్గదర్శకాల్లో సేవను ఎనిమిది మెట్లుగా విభజించి, అసెస్‌మెంట్‌తో పాటు శిక్షణనూ తదుపరి పరిశీలననూ అందులో చేర్చింది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల 2021 చట్టం ఆక్యుపేషనల్ థెరపీ వృత్తికి జాతీయ స్థాయిలో చట్టబద్ధ గుర్తింపునిచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలం నుంచి కుటుంబాలకు బాగా తెలిసిన పరీక్ష సదరం శిబిరమే. అది వైకల్య శాతాన్ని నిర్ణయించి పింఛనుకు దారి చూపుతుంది. ఆ మనిషి రేపు ఏ కుర్చీలో కూర్చుని ఏ పని చేసుకోవాలన్నది మరొకరు, విడిగా, తీరికగా చూడాల్సిన విషయం.