పట్టాలు కాదు, వాటి వెనకున్నవి: రైల్వేలపై బాంబుదాడుల నేపథ్యం

2024 సెప్టెంబరు 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య వరదకు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. రాయనపాడు స్టేషన్ నీట మునిగింది. విజయవాడ–కాజీపేట బండ్లు ఆగిపోయాయి. అయినా వారం తిరక్కుండానే లైను తెరుచుకుంది. మట్టి, కంకర, స్లీపర్లు, లైను బాగుచేసే గ్యాంగులు సిద్ధంగా ఉంటే తెగిన లైను ఎంతోకాలం తెగి ఉండదు. శత్రువు రైల్వేను ఆకాశం నుంచి కొట్టేవాళ్లకు ప్రతి యుద్ధంలోనూ అడ్డొచ్చింది ఇదే.

1951లో కొరియా యుద్ధంలో అమెరికన్లు రైలు లైన్ల మీదే బాంబులు వేశారు. అవతలివైపు ఉత్తర కొరియా, చైనా వాళ్లు దారి పొడవునా పట్టాలు, దుంగలు పేర్చిపెట్టుకుని, రాత్రిళ్లు గోతులు పూడ్చి తెల్లారేలోపు బండ్లు నడిపించారు. కొన్ని వంతెనలకు పగలు ఒక గడ్డర్ తీసి దాచి, చీకటి పడ్డాక మళ్లీ పెట్టేవాళ్లు. పైనుంచి ఫొటో తీస్తే ఆ వంతెన విరిగినట్టే కనిపించేది!

అంతకు ఏడేళ్ల ముందు, రెండో ప్రపంచయుద్ధంలో, జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌పై బ్రిటన్, అమెరికాల ఆలోచన వేరు. ఇటలీ దాడుల ఫలితాలను లెక్కగట్టిన శాస్త్రవేత్త సాలీ జుకర్‌మన్, పెద్ద యార్డులను, లోకోషెడ్లను కొట్టమన్నాడు. యార్డులో మెయిన్ లైను ఒకటి రెండు రోజుల్లో తెరవొచ్చు. బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పాయింట్లు, ఆవిరి ఇంజన్లకు నీళ్లు పట్టే స్తంభాలు, మరమ్మతు షాపులు పోతే మాత్రం ఇంజన్లు షెడ్డులోనే చిక్కుకుంటాయి, వ్యాగన్లను వేరుచేసి కలపడం కుదరదు. 1944 మార్చి 6 రాత్రి పారిస్ దగ్గరి ట్రాప్ యార్డుపై జరిగిన దాడి ఈ పద్ధతికి పరీక్ష. యార్డులు ఊళ్ల నడుమ ఉండటమే దీనిలోని ఘోరం. ఏప్రిల్‌లో నోయిజీ-ల-సెక్ యార్డుకు వేసిన బాంబులకు 400 మందికి పైగా ఊరివాళ్లు చనిపోయారు. ఫ్రెంచి పౌరుల ప్రాణనష్టమే బ్రిటన్ ప్రధాని చర్చిల్‌ను ఈ పథకం విషయంలో వెనక్కి లాగింది.

వంతెనలకు చాలా బాంబులు కావాలని మొదట అంచనా వేశారు. మే 7న వెర్నాన్ దగ్గర సీన్ నది వంతెనను కొద్దిపాటి థండర్‌బోల్ట్ విమానాలు 1,000 పౌండ్ల బాంబులతో కూల్చేసరికి ఆ లెక్క తారుమారైంది. అయితే కిందికి దిగి వేసే పైలట్ ఉంటేనే అది సాధ్యం. ఎత్తు నుంచి వేస్తే ఇనుప వంతెన సన్నని గీతలా కనిపిస్తుంది; బాంబు గడ్డర్ల సందులోంచి నీళ్లలో పడుతుంది, తగిలినా పేలుడు బలం ఖాళీల్లోంచి బయటికి పోతుంది. కూలాల్సింది స్తంభం. 1945 మార్చి 14న జర్మనీలోని బీలెఫెల్డ్ వద్ద 22,000 పౌండ్ల గ్రాండ్ స్లామ్ బాంబు వంతెనకు తగల్లేదు. పక్కనే భూమిలోకి దిగి పేలి, పునాది కదిలించి తోరణాలను పడగొట్టింది.

వియత్నాంలోని థాన్ హోవా వంతెన ఇంకా మొండిది. 1965 ఏప్రిల్ 3న అమెరికన్లు 750 పౌండ్ల బాంబులు 120, బుల్‌పప్ క్షిపణులు 32 ప్రయోగించినా నిలబడే ఉంది. 1972 మేలో లేజర్ కాంతితో గురికి చేరే బాంబులు వచ్చాకే ఒక స్పాన్ (రెండు స్తంభాల నడుమ భాగం) ఒరిగింది.

మన తీరానికీ ఈ చరిత్ర తగిలింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవులపై బాంబులు వేశాయి. మద్రాసు–కలకత్తా లైనుకు ఆయువుపట్టయిన బెజవాడ కృష్ణ వంతెన అప్పటికి దాదాపు యాభై ఏళ్లదే.

ఇప్పుడు గురి మారింది. 2022 ఏప్రిల్ 25న ఉక్రెయిన్‌లో గంటలోపే ఐదు స్టేషన్లపై క్షిపణులు పడ్డాయి. దెబ్బ తగిలింది ముఖ్యంగా కరెంటు సబ్‌స్టేషన్లకు. పట్టా ఏ గోదాములోనైనా దొరుకుతుంది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆర్డరిచ్చి చేయించాలి, నెలలు పడుతుంది. అప్పటిదాకా డీజిల్ ఇంజన్లే దిక్కు. లైన్లన్నీ కరెంటుకు మారాక పాత డీజిల్ ఇంజన్లను తుక్కుకు పంపే రైల్వే ఏదైనా ఈ ఒక్క లెక్క వేసుకోక తప్పదు.