బ్రేకులు పడలేదా, టైర్లు పట్టు వదిలాయా?

డిసెంబరు, జనవరి నెలల్లో మా షెడ్డుకు ఏటా తప్పకుండా వచ్చే ఫిర్యాదు ఒకటుంది. “పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డు మీద బ్రేకులు పడలేదన్నా. కాలు పూర్తిగా నొక్కాను, అయినా కారు వెళ్లిపోతూనే ఉంది.” చెప్పే మనిషికి ఇంకా వణుకు తగ్గి ఉండదు. కారును లిఫ్టు ఎక్కించి చూస్తే ప్యాడ్లు బాగుంటాయి, బ్రేక్ ఆయిల్ నిండుగా ఉంటుంది, ఎక్కడా కారిన జాడ ఉండదు. “అన్నీ బాగానే ఉన్నాయి సార్” అంటే ముఖంలో అనుమానం. కొందరు వేరే షెడ్డుకు వెళ్లి, ఇంకా సగం కూడా అరగని ప్యాడ్లను మార్పించుకుని గానీ స్థిమితపడరు. ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లో బ్రేకుల పనే చేస్తున్నాను. ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పి అలసిపోయి ఇది రాస్తున్నాను.

అపోహ: గట్టిగా నొక్కినా కారు ఆగలేదంటే బ్రేకులు ఫెయిలైనట్టే.

వాస్తవం: బ్రేకు ఆపేది చక్రాన్ని మాత్రమే. కారును ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న పట్టు. ఒక్కో టైరు నేలను తాకేది ఇంచుమించు అరచేయంత మేర. టన్నుకు పైగా బరువున్న బండిని ఆ నాలుగు అరచేతులే ఆపాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పడ్డాక, పొడిగా ఉన్న తారు రోడ్డు మీద కారు సుమారు 20 మీటర్లలో ఆగుతుంది. అదే రోడ్డు తడిసి జారుడుగా ఉంటే 35 మీటర్ల దాకా పోతుంది. గడ్డకట్టిన మంచు మీదైతే 140 మీటర్లు. కాలు పెడల్ మీదకు చేరడానికి పట్టే ఒక్క సెకనులో బండి పరిగెత్తే 16 మీటర్లకు పైగా దూరం దీనికి అదనం. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. మూడు లెక్కల్లోనూ బ్రేకులు అవే, మారింది కింద ఉన్న రోడ్డు.

“మన ఊళ్లో మంచు గడ్డ ఎక్కడుంది?” అని అడుగుతారు. గడ్డ అక్కర్లేదు, పొగమంచు చాలు. రోడ్డు మీద బండ్ల నుంచి కారిన ఆయిల్, టైర్ల నుంచి రాలిన రబ్బరు పొడి, టిప్పర్లు ఒలకబోసిన సన్నటి మట్టి పేరుకుని ఉంటాయి. పెద్ద వాన వస్తే వాటిని కడిగేస్తుంది. తెల్లవారుజాము తేమ కడగదు, కలిపి ముద్ద చేస్తుంది. వేసవి చివర మొదటి చినుకులప్పుడు జరిగేదీ ఇదే. మన నగరానికి ప్రత్యేకమైనవి ఇంకొన్ని ఉన్నాయి: కాలనీ మలుపుల్లో నీళ్లు కార్చుకుంటూ వెళ్లే ట్యాంకర్లు, తడి కాంక్రీటు చిందించే మిక్సర్ లారీలు, ఫ్లైఓవర్ల మీద ఇనుప జాయింట్లు, కొత్తగా వేసిన తెల్లగీతలు. బైకు నడిపేవారికి వీటి సంగతి బాగా తెలుసు. కారులో కూర్చున్నవాడికి నాలుగు చక్రాలున్నాయన్న ధీమా.

అపోహ: బ్రేకు నొక్కగానే పెడల్ గరగరలాడి కాలిని వెనక్కి తన్నిందంటే లోపల ఏదో విరిగింది.

వాస్తవం: విరగలేదు, చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ పని చేస్తోంది. చక్రం తిరగడం మానేసి జారబోతోందని సెన్సర్ పసిగట్టగానే, ఈ ఏర్పాటు సెకనుకు చాలాసార్లు బ్రేకును వదిలి మళ్లీ పట్టిస్తుంది. ఆ కుదుపే మీ కాలికి తెలుస్తుంది. 1978లో బాష్ సంస్థ తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్ క్లాస్ కార్లలో వచ్చింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటిలోనూ తప్పనిసరి అయింది. అంటే చాలామంది కార్లలో ఉంది. అది ఎలా ఉంటుందో మాత్రం చాలామంది కాళ్లకు తెలియదు.

ఒక రిటైర్డ్ మాస్టారు ముందు బంపరు పగలగొట్టుకుని వచ్చారు. పెడల్ కొట్టుకోగానే భయపడి కాలు తీసేశారట. ప్రమాదం జరిగింది సరిగ్గా అక్కడే. బంపరు పని అయ్యాక ఆయన్ని ఊరి చివర ఇళ్లు లేని వెంచరుకు తీసుకెళ్లి, తడి మట్టి మీద 30 వేగంలో గట్టిగా నొక్కమన్నాను. గరగరమంది. “ఇంతేనా?” అన్నారు. మళ్లీ నాలుగుసార్లు నొక్కించాను. డ్రైవింగ్ నేర్పేవాళ్లు ఇదొక్కటి చేయిస్తే నాకు సగం బంపర్ల పని తగ్గుతుంది.

ఇక్కడే ఇంకో మాట. ఏబీఎస్ ఉన్నంత మాత్రాన కారు తక్కువ దూరంలో ఆగుతుందన్న హామీ లేదు. కంకర మీద, వదులుగా ఉన్న కొత్త మంచు మీద దూరం పెరగవచ్చు కూడా. అది కాపాడేది స్టీరింగును. చక్రం తిరుగుతూ ఉంటేనే బండి మీరు తిప్పిన వైపు వెళ్తుంది.

అపోహ: జారుతున్నప్పుడు పెడల్‌ను నొక్కి వదులుతూ ఉండాలి.

వాస్తవం: ఏబీఎస్ లేని పాత బండికి సరే. ఉన్న బండిలో ఒకేసారి గట్టిగా నొక్కి పట్టి, ఖాళీ ఉన్న వైపు తిప్పండి. హ్యాండ్‌బ్రేకు లాగకండి, వెనక చక్రాలు బిగుసుకుంటే బండి బొంగరమవుతుంది.

అపోహ: ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే మంచులో భయం లేదు.

వాస్తవం: కదలడానికి సాయం చేస్తుంది, ఆపడానికి కాదు. ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి కదా! శీతాకాలం సెలవులకు మనాలి వైపు కారులో వెళ్లే మనవాళ్లు గుర్తుంచుకోవాలి. అటల్ సొరంగం దగ్గర పొద్దున పూట నల్లగా తడిసినట్టు కనిపించేది నీళ్లు కాకపోవచ్చు, అద్దంలాంటి పలచటి మంచు పొర కావచ్చు. 7 డిగ్రీల కంటే దిగువన మన టైర్ల రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. గొలుసులు కట్టాల్సి వస్తే ఇంజను తిప్పే చక్రాలకు కట్టాలి. మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి అవి ముందు చక్రాలే.

అపోహ: గాలి తగ్గిస్తే తడి రోడ్డు మీద టైరు బాగా పట్టుకుంటుంది.

వాస్తవం: తారు రోడ్డు మీద తప్పు. గాలి తగ్గితే గాడులు మూసుకుపోయి నీళ్లు బయటికి పోవు, టైరు నీళ్ల మీద తేలుతుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరుతో తిరగడం చట్టం ఒప్పుకోదు. నేనైతే 3 దగ్గరే మార్చమంటాను. లక్షలు పెట్టి కారు కొని నున్నటి టైర్లతో తిరిగేవారిని చూస్తే కోపం వస్తుంది.

మరి నిజంగా బ్రేకులు పోవా? పోతాయి. పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోతే ఆయిల్ కారుతోంది, లేదా లైన్లలో గాలి చేరింది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం ఆయిల్ మరగడానికి కనీసం 230 డిగ్రీలు కావాలి, నీరు పట్టినదానికి 155 డిగ్రీలకు అటూ ఇటూ చాలు. పాత ఆయిల్‌తో, న్యూట్రల్‌లో శ్రీశైలం ఘాట్ దిగేవారికి బ్రేకులు వేడెక్కి, ఆయిల్ మరిగి బుడగలు కట్టి పెడల్ మాయమయ్యేది అందుకే. రెండేళ్లకోసారి మార్పించండి. పెడల్ రాయిలా బిగుసుకుంటే, ఇంజను సాయంతో మీ కాలి బలాన్ని పెంచే బూస్టర్‌ను చూడాలి. పెట్రోలు మిగులుతుందని దిగుడులో ఇంజను ఆపేసేవారికి ఒకటి రెండు నొక్కుల తర్వాత ఇదే గతి. మలక్‌పేట రైలు వంతెన కింద నీళ్లలోంచి వచ్చాక కాసేపు బ్రేకు సరిగా పట్టకపోవడం వేరు. నెమ్మదిగా వెళ్తూ రెండు మూడుసార్లు తేలిగ్గా నొక్కితే ఆరిపోతుంది.

చలి పొద్దున ఔటర్ ఎక్కేముందు, సర్వీసు రోడ్డు మీద వెనక ఎవరూ లేరని చూసుకుని 30 వేగంలో ఒకసారి గట్టిగా నొక్కండి. పెడల్ గరగరమంటే రోడ్డు జారుడుగా ఉండవచ్చు, ముందు బండికి దూరం పెంచుకుని వెళ్లండి, షెడ్డుకు రానక్కర్లేదు. పెడల్ లోపలికి దిగిపోతే మాత్రం కారును అక్కడే పక్కన ఆపి మెకానిక్‌కు ఫోన్ చేయండి.