కెర్నెల్ అలోకేటర్‌లో లాకులు తగ్గుతూ వచ్చిన క్రమం

నెట్‌వర్క్ నుంచి ప్యాకెట్ వచ్చినా, ఫైలు తెరిచినా, కొత్త ప్రాసెస్ మొదలైనా లినక్స్ కెర్నెల్‌కు, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకు, ముందుగా కావలసింది కాస్త మెమరీ. దాన్ని పంచి ఇచ్చే భాగమే అలోకేటర్. సెకనుకు లక్షల సార్లు నడిచే ఆ దారిలో ఒక్క లాక్ (ఉమ్మడి డేటాను ఒకసారి ఒక్కరే మార్చేలా చూసే తాళం) అదనంగా ఉన్నా దాని భారం యంత్రమంతటి మీదా పడుతుంది. లాక్ వేయడం తీయడం పెద్ద పనేమీ కాదు. ఆ లాక్ ఉన్న క్యాష్ లైను (సీపీయూ తన దగ్గర ఉంచుకునే మెమరీ ముక్క) ఒక సీపీయూ నుంచి మరో సీపీయూకు చేరడానికే ఎక్కువ సమయం పడుతుంది, కోర్లు పెరిగేకొద్దీ ఆ ఖర్చూ పెరుగుతుంది. అలోకేటర్‌లో ఏ లాక్ తప్పనిసరి, ఏది తీసేయవచ్చు అన్న విచారణ ముప్పై ఏళ్లకు పైగా సాగుతూ ఉండడానికి కారణం ఇదే.

ఒక ప్రాసెసర్ ఉన్న రోజుల్లో ఈ ప్రశ్నే లేదు. సీక్వెంట్ సంస్థ బహుళ ప్రాసెసర్ యూనిక్స్ కోసం పాల్ మెక్‌కెన్నీ, జాక్ స్లింగ్‌వైన్ 1993లో ప్రకటించిన అలోకేటర్ ప్రతి సీపీయూకూ ఖాళీగా ఉన్న మెమరీ ముక్కల సొంత జాబితా ఇచ్చింది. మరుసటి ఏడాది సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బాన్విక్ స్లాబ్ అలోకేటర్‌ను వివరించాడు; ఒకే పరిమాణం గల మెమరీ ముక్కలను (ఆబ్జెక్టులను) అది స్లాబ్ అనే దిమ్మెల్లోంచి తీసి ఇస్తుంది. 2001లో జొనాథన్ ఆడమ్స్‌తో కలిసి దానికి సీపీయూ వారీ ‘మ్యాగజీన్’లను జోడించాడు. తుపాకీలో తూటాల మ్యాగజీన్ ఎలాగో, ప్రతి సీపీయూ దగ్గర ఆబ్జెక్టుల మ్యాగజీన్ అలాగ. అది ఖాళీ అయినప్పుడో నిండిపోయినప్పుడో మాత్రమే ఉమ్మడి నిల్వ దగ్గరికి వెళ్లాలి, అక్కడే లాక్ కావాలి. ఊరి గాదె తాళం కోసం పూటపూటా నిలబడకుండా ఎవరి ఇంట్లో వారు నాలుగు రోజుల గింజలు ఉంచుకోవడం వంటిదే ఈ ఏర్పాటు.

1996లో వచ్చిన లినక్స్ 2.0 బహుళ ప్రాసెసర్లను ఒకే పెద్ద కెర్నెల్ లాక్‌తో నడిపింది. తర్వాత స్లాబ్ వచ్చింది, దానికి సీపీయూ వారీ వరుసలూ వచ్చాయి. అయితే ఇంటి నిల్వలకూ వెల ఉంది. వేయి ప్రాసెసర్ల యంత్రాల్లో ఆ వరుసల్లోని పాయింటర్లకే (ఆబ్జెక్టుల చిరునామాలకే) గిగాబైట్ల మెమరీ పోతోందని చూపి, క్రిస్టఫ్ లామెటర్ 2007లో స్లబ్ అనే కొత్త అలోకేటర్‌ను ప్రవేశపెట్టాడు. వరుసలను తీసేసి, ప్రతి సీపీయూకూ అప్పటికి పనిలో ఉన్న ఒక స్లాబ్‌ను అప్పగించడం అందులోని పద్ధతి.

అప్పటికీ వేగవంతమైన దారిలో ఇంటరప్టులను (సీపీయూ పనికి మధ్యలో అడ్డుపడే పరికరాల సంకేతాలను) ఆపి, పని కాగానే తిరిగి తెరవవలసి వచ్చేది. 2011లో లినక్స్ 2.6.39 ఆ అవసరాన్ని తీసేసింది. పెద్ద కెర్నెల్ లాక్ పూర్తిగా కనుమరుగైనదీ అదే విడుదలలో. ఈ మార్పును దగ్గరగా చూడడం అవసరం. ప్రతి సీపీయూకూ రెండు విలువలు పక్కపక్కనే ఉంటాయి: తర్వాత ఇవ్వవలసిన ఖాళీ ఆబ్జెక్టు చిరునామా, ఒక లావాదేవీ సంఖ్య. కెర్నెల్ రెండింటినీ చదివి, ‘ఇవి ఇప్పటికీ ఇలాగే ఉంటే రెండూ మార్చు’ అని ప్రాసెసర్‌కు ఒకే ఆదేశం ఇస్తుంది. మధ్యలో ఇంటరప్ట్ వచ్చి జాబితాను కదిలించినా, ఏ పని ఎక్కడ నడవాలో నిర్ణయించే షెడ్యూలర్ ఆ పనిని వేరే సీపీయూకు మార్చినా సంఖ్య సరిపోలదు, మళ్లీ మొదలుపెట్టాలి. చిరునామా ఒక్కటే పోల్చితే చాలదు, ఎందుకంటే అదే ఆబ్జెక్టు ఒకసారి బయటికి వెళ్లి తిరిగి జాబితా తలకు చేరి ఉండవచ్చు, దాని వెనకది మాత్రం మారి ఉండవచ్చు. ప్రీఎంప్షన్ (నడుస్తున్న కెర్నెల్ పనిని మధ్యలో ఆపి మరో పనికి మారే వీలు) ఉన్న కెర్నెల్‌ను 8 సీపీయూల కోసం తయారుచేస్తే, 3వ నంబరు సీపీయూ సంఖ్యలు 3, 11, 19 అని నడుస్తాయి, 5వ దానివి 5, 13, 21 అని నడుస్తాయి. ఆ రెండు వరుసలకూ పొత్తు కుదరదు. ఇంత పొందికైన పరిష్కారం కెర్నెల్‌లో అరుదు.

స్లాబులకు మెమరీని పేజీల లెక్కన అందించే పేజీ అలోకేటర్ కథ ఇంత సాఫీగా సాగలేదు. అక్కడ సీపీయూ వారీ పేజీ జాబితాలున్నా, వాటిని ముట్టుకునేటప్పుడు ఇంటరప్టులను ఆపవలసిందే. 2017లో 4.11 తయారీ దశలో, ఇంటరప్టుల్లోంచి వచ్చే అభ్యర్థనలను ఆ జాబితాల జోలికి పోనివ్వకుండా, మిగిలినవారికి ఆ భారం తప్పించే మార్పు చేర్చారు. ఆ అభ్యర్థనలన్నీ జోన్ (పేజీల ఉమ్మడి నిల్వ) లాక్ మీద పడి వేగవంతమైన నెట్‌వర్క్ కార్డుల పనితీరు దిగజారింది; విడుదలకు ముందే మార్పును వెనక్కి తీసుకున్నారు. లెక్కలో అనవసరమనిపించినది వేరొకరి దారిలో అవసరమై ఉండవచ్చని ఆ అనుభవం చెప్పింది. 2022లో మెల్ గోర్మన్ ఎదురు దారి పట్టాడు: సీపీయూ వారీ జాబితాకు స్పిన్‌లాక్ అనే చిన్న లాక్ చేర్చాడు. దొరికితే తీసుకోవడం, దొరకకపోతే వేచి ఉండకుండా జోన్ దగ్గరికి పోవడం. ఒక లాక్‌ను చేర్చడం వల్లనే 6.2లో ఇంటరప్టులను ఆపే అవసరం తొలగింది.

2024 మార్చిలో 6.8తో పాత స్లాబ్ కోడు కెర్నెల్ నుంచి వెళ్లిపోయింది, స్లబ్ ఒక్కటే మిగిలింది. వేరే సీపీయూ స్లాబ్‌కు చెందిన ఆబ్జెక్టును విడిచిపెట్టేటప్పుడు స్లబ్‌లో ఖరీదైన అటామిక్ (మధ్యలో మరే సీపీయూ జోక్యం చేసుకోలేని) ఆదేశం తప్పేది కాదు. అందుకే వ్లాస్టిమిల్ బాబ్కా 2025లో 6.18లో ‘షీఫ్’లనే సీపీయూ వారీ కట్టలను తెచ్చాడు. వాటిని కాపాడేది ఆ సీపీయూకే పరిమితమైన లాక్. దొరకకపోతే పాత దారి ఎలాగూ ఉంది. 2007లో తీసేసిన వరుసలు ఈ రూపంలో తిరిగి వచ్చాయి. ముందుగా వర్చువల్ మెమరీ ప్రాంతాల వివరాల క్యాష్‌కూ (ఒకే రకం ఆబ్జెక్టుల నిల్వకూ), ఆ ప్రాంతాలను వెతకడానికి వాడే మేపుల్ ట్రీ నోడ్ల క్యాష్‌కూ వాటిని అమర్చారు.